నడిమివాడు దూకిన ఫోటో

సైగాన్

న్యాన్ అక్కకు ఖాయ్ దండాలు. మేనకోడలు డియెమ్ పెళ్లికని డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరా కొన్నాను. కంగారుపడకు, మోసపోలేదు.

కొట్టాయన బోలెడు మీటలున్న పెద్దదాన్ని నాకు అంటగట్టబోయాడు. పరీక్షిస్తానని ఆయన్ని ఇద్దరు గుమాస్తాల నడుమ నిలబెట్టాను. "ఓరి నాయనో, ముగ్గురమేరా! ముగ్గురు కలిసి ఫోటో దిగితే నడిమివాడు ముందు పోతాడు, నన్ను చంపుతావా?" అని ఎగిరి దూకాడు. నేను మీట వెతుక్కుని నొక్కేసరికి ఫోటోలో ఆయన నీడ కూడా పడలేదు. నేను చిన్న కెమెరా పట్టుకోగానే ఆయన ఒక గుమాస్తాను నడిమికి తోశాడు. వాడూ దూకాడు గాని, తెరిచిన నోటితో సహా గాలిలో ఉండగానే ఫోటోలో చక్కగా పడ్డాడు. అదే తెచ్చుకున్నాను.

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? ఎండుచేపలు పంపు. డియెమ్‌కు నా దీవెనలు. పెళ్లి ఫోటోలన్నీ నేనే తీస్తాను. కుదుర్చుకున్న ఫోటోగ్రాఫరును మాత్రం మానిపించకు.

నీ తమ్ముడు
ఖాయ్