ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఎవరున్నారు?

పోర్ట్ బ్లెయిర్,
3 మే 1974

గవరయ్య బాబాయికి కన్నారావు నమస్కరించి రాసేది.

బాంబూఫ్లాట్‌లో మన సంఘం చదువుల గది సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా నువ్వు తెరుస్తున్నావు కదా. క్యారమ్ జట్టువాళ్ళు తమకో గంట కావాలని కమిటీ ప్రాణం తీస్తున్నారు. జనం లేని గంట వాళ్ళకిచ్చెయ్యాలని తీర్మానమైంది. రిజిస్టరు చూసి, ఏప్రిల్ నెలలో ఏ గంటకి ఎందరున్నారో లెక్క కట్టి పంపు. జల్దీ పంపు.

ఇట్లు,
సంఘం కార్యదర్శి, నీకు కొడుకు వరస,
కన్నారావు

తా.క. లెక్క కట్టమన్నాను, కథ చెప్పమనలేదు.

---

బాంబూఫ్లాట్,
8 మే

చిరంజీవి కన్నారావుకి గవరయ్య బాబాయి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందినప్పట్నుంచీ నాకు కూడు దిగడం లేదు. అయినా లెక్క కట్టాను. వచ్చినవాళ్ళు అయిదు నుంచి ఆరులోగా 402, ఆరు నుంచి ఏడులోగా 203, ఏడు నుంచి ఎనిమిదిలోగా 6. ఎనిమిది తర్వాత ఎవరూ రాసుకోలేదు.

ఒరే నాయనా, రాసుకోలేదన్నాను గాని లేరనలేదు. ఎనిమిది నుంచి తొమ్మిది దాకా నా గదిలో మనుషులుంటారు. అసలు గది బతికుండేదే ఆ గంటలో. కావాలంటే ఆరు గంట తీసుకో, ఏడు తీసుకో, ఎనిమిది మాత్రం ముట్టుకోకు. వాళ్ళెవరని అడక్కు. ఒట్టు పెట్టించుకున్నారు.

నీ మేలుకోరే,
గవరయ్య

తా.క. కాగితం మీద నూనె మరక నా కంగారు వల్ల పడింది. పక్కన పకోడీ ఉన్నమాట నిజమే.

---

పోర్ట్ బ్లెయిర్,
11 మే

బాబాయికి నమస్కారాలు.

నువ్వు లెక్కపెట్టింది వచ్చినవాళ్ళని. నేనడిగింది ఉన్నవాళ్ళని. అయిదుకొచ్చి ఎనిమిదికి లేచినవాడు మూడు గంటల్లోనూ లెక్కకి రావాలి కదా? 'వచ్చిన టైము' పక్కనే 'వెళ్ళిన టైము' గడి ఉంది. రెండూ చూసి మళ్ళీ కట్టు. వెళ్ళిన టైము రాయకపోతే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. అది రూలు, ఇందులో మార్పు లేదు.

ఇట్లు,
కన్నారావు

తా.క. పేరు రాయకుండా లోపలికొచ్చేది దొంగలు గాని దయ్యాలు గాని. నీవాళ్ళు ఏ రకం?

---

బాంబూఫ్లాట్,
15 మే

చిరంజీవి కన్నారావుకి ఆశీస్సులు.

నీ రూలు పుణ్యమా అని నాకు గుండెదడ పట్టుకుంది. వెళ్ళిన టైము గడి నెల పొడుగునా ఖాళీ. నువ్వు మన వలవాళ్ళ ఇంట్లో పుట్టినవాడివే గదా, ఆ మాత్రం తెలీదా? బయల్దేరేటప్పుడు మనలో ఎవరైనా "పోతాను" అంటారా? "వస్తాను" అనే గదా అంటారు! నేను లక్ష్ముడికి పెన్ను చేతికిస్తే వాడేమన్నాడో తెలుసా?

"తెల్లారితే ఏటకెల్లాలి బాబూ. ఎల్లిపోయానని సొంతకమెట్టి మరీ సముద్రంలోకెల్తానేటి? నాకు పిల్లలున్నారు."

పెన్ను అక్కడే వదిలి చక్కా పోయాడు. మిగతావాళ్ళూ అంతే. కాబట్టి నీ రూలు ప్రకారం ఏప్రిల్ 30న, ఎనిమిది నుంచి తొమ్మిది దాకా గదిలో ఉన్నవాళ్ళు 611 మంది. మూడుసార్లు కూడి చూశాను, తగ్గడం లేదు. ఇంతమంది ఉండగా ఆ గంట ఎలా తీసేస్తావు?

నీ మేలుకోరే,
గవరయ్య

తా.క. ఇందులో లక్ష్ముడొక్కడే ఇరవై ఆరుమంది. అందరూ ఒకే బెంచీ అడుగుతున్నారు.

---

పోర్ట్ బ్లెయిర్,
24 మే

బాబాయికి,

నీ 611 నేను చూసుకోకుండా కమిటీలో చదివేశాను. అధ్యక్షులు పోలిరాజుగారు చాయ్ తాగుతూ ఉన్నారు. ఆ చాయ్ నా చొక్కా మీద పడింది. రెండు బెంచీల గదిలో ఆరొందల పదకొండు మందా అని అందరూ ఒకటే నవ్వు. నా పరువు ఏక్‌దమ్ ఖతం.

అందుకే నిన్న గురువారం చెప్పకుండా ఫెర్రీ ఎక్కి నేనే వచ్చాను. సరిగ్గా ఎనిమిదీ పదికి గుమ్మంలో అడుగుపెట్టాను. పెరటి తలుపు టపటపా కొట్టుకుంటోంది, నువ్వు చెమటలు కక్కుతున్నావు. అంతకుమించి ఒక్క పురుగు లేదు. తొమ్మిది దాకా కూర్చున్నాను, ఎవరూ రాలేదు. బస్, జూన్ ఒకటి నుంచి ఆ గంట క్యారమ్ వాళ్ళది. ఇక ఉత్తరాలు వద్దు.

ఇట్లు,
కార్యదర్శి

తా.క. గుమ్మం బయట పదకొండు జతల చెప్పులున్నాయి. ఎవరివంటే "ఎండబెట్టాను" అన్నావు. బయట కుండపోత వాన!

---

బాంబూఫ్లాట్,
29 మే

చిరంజీవులు అల్లుడుగారికి మీ అత్త గురువమ్మ దీవించి రాయడం.

ఇది నేనే రాస్తున్నాను. గవరయ్యన్న పక్కనే ఉన్నాడు గాని చెయ్యి నాది. అత్త అల్లుడి ఎదట కూర్చోదు, మాటాడదు. అది మన ఆనవాయితీ. ఉత్తరం రాయకూడదని మాత్రం నాకెవరూ చెప్పలేదు.

ఆ చెప్పులు మావి. మగాళ్ళకి కూడు పెట్టేసి, ఎనిమిదింటికి పదకొండుమంది ఆడాళ్ళం అక్షరాలు నేర్చుకోడానికి వస్తాం. మొన్న గుమ్మంలో మీరు కనబడేసరికి నేను పలక పట్టుకుని పెరట్లోకి ఒకటే పరుగు. పామొచ్చిందనుకుని మిగతా పదిమందీ నా వెనకాలే. వానలో గోడకి అంటుకుని నిలబడ్డాం. మీరు కదిలితేనా! తవిటమ్మకి ఇంకా దగ్గు తగ్గలేదు.

రిజిస్టరులో మా పేర్లు లేవని గవరయ్యన్నని తిట్టారంట. పేరు రాయడం వచ్చుంటే ఆ గదికి ఎందుకొస్తాం బాబూ? ఈ వయసులో పలక పట్టానని మీ ఇంట్లో నవ్వుతారని నేనే ఆయన చేత ఒట్టేయించాను. ఈరోజు ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.

ఓడ దిగి ఈ ఊరొచ్చి పద్దెనిమిదేళ్ళయింది. పుట్టింటి నుంచి ఉత్తరమొస్తే చదివిపెట్టమని వీధులెంట తిరిగేదాన్ని. మా అమ్మ చనిపోయిందన్న ఉత్తరం జెట్టీలో టికెట్లిచ్చే ఆయన చదివాడు, చుట్టూ నలుగురూ వింటూ ఉండగా. నాకు ఇంకా సిగ్గుగానే ఉంది, కోపంగానూ ఉంది. ఆ గంట పోతే మళ్ళీ అదే బతుకు. నేను ఒప్పుకోను. క్యారమ్ వాళ్ళని ఏడింటికి ఆడుకోమనండి.

మా అమ్మాయి అచ్చమ్మని అడిగానని చెప్పండి.

మీ అత్త,
గురువమ్మ

తా.క. ఈ ఉత్తరం రాయడానికి నాలుగు రోజులు పట్టింది. రోజూ ఎనిమిది నుంచి తొమ్మిది దాకా. మీ లెక్కలో రాసుకోండి.