హార్గిస్ మోకాలు

ఆల్డ్‌రిడ్జ్, అయోవా
జనవరి 9

అత్తకు నమస్కరించి రోస్కో రాసేది.

ఫోన్ చేస్తే "చావులకీ పుట్టుకలకీ ఫోను, మిగతావాటికి ఉత్తరం" అని పెట్టేస్తావు కాబట్టి కాగితం పట్టాను. ముప్ఫై ఏళ్లుగా మోస్ హాలో పోస్టాఫీసు కౌంటర్లో ఉన్న మనిషితో వాదించి గెలవడం నా వల్ల కాదు.

విషయం ఏమిటంటే, నన్ను చిన్న లీగుకు పంపారు. ఆగస్టులో మోకాలి లిగమెంటుకు ఆపరేషన్ అయినప్పటినుంచీ పెద్ద జట్టు జిమ్ములో గోడల్ని చూస్తూ కసరత్తు చేస్తున్నానా, ఇప్పుడు నిజమైన ఆటలో పరిగెత్తించి చూస్తారట. అందుకని వాళ్లకే చెందిన ఈ చిన్న జట్టులో దింపారు. బాస్కెట్‌బాల్ ఆట మొత్తం నలభై ఎనిమిది నిమిషాలైతే నాకు పద్దెనిమిదే. ఫిజియో రమోనా గడియారం పట్టుకుని పక్కనే నిలబడుతుంది.

మార్చి మొదట్లో పెద్ద జట్టు మళ్లీ పిలిస్తే బతికిపోయినట్టే. పిలవలేదంటే వేసవికి నా కాంట్రాక్టు అయిపోతుంది, ఇరవై ఒక్క ఏళ్లకే మాజీ ఆటగాణ్ణి అవుతాను. అందుకే ఈ ఎనిమిది వారాలూ ఇంకేమీ ఆలోచించదలచుకోలేదు.

నీ మేనల్లుడు,
రోస్కో

తా.క.: ఇక్కడి మంచం నా మోకాళ్ల దాకా వచ్చి ఆగిపోతుంది. చివర ఒక కుర్చీ వేసుకుని దానిమీద కాళ్లు పెడుతున్నాను. మొన్న ఎవరో ఆ కుర్చీ కావాలని తీసుకుపోయారు, నిద్రలో ఉన్నానని కూడా చూడకుండా.


మోస్ హాలో, కెంటకీ
జనవరి 16

చిరంజీవి రోస్కోకు వర్డెల్ అత్త ఆశీస్సులు.

చిన్న లీగు అన్న మాట మూడుసార్లు చదివాను. ఆరడుగుల పదకొండంగుళాల మనిషిని పిల్లల మధ్యకు పంపడమేమిట్రా? నువ్వు పొరపాటున ఒకడి మీద పడ్డావంటే వాళ్లమ్మకు ఏం జవాబు చెబుతావు? కింద చూసుకుని నడువు.

అసలు ఏం తప్పు చేశావో దాచకుండా చెప్పు. కోచ్‌కి ఎదురు మాట్లాడావా? మీ నాన్నకూ ఆ నోరే ఉండేది. నా తమ్ముడు కాబట్టి అంటున్నాను.

ఇంకో సంగతి. ఆగస్టులో ఆపరేషన్ అయినప్పుడు నాకు సరిగా ఏమీ చెప్పలేదు నువ్వు. మొదటి వారం మంచం మీంచి ఎలా లేచావు? మెట్లెక్కేటప్పుడు ఏ కాలు ముందు వేయాలి? ఏ కసరత్తు చేయించారు? ఎన్నో వారానికి మోకాలు ఎన్ని డిగ్రీలు వంగింది? ఏడ్చావా? అన్నీ వివరంగా రాయి. అత్తనై ఉండీ తెలుసుకోకపోతే ఎలా?

ఆశీస్సులతో,
అత్త

తా.క.: చేతిరాత వంకరగా ఉందంటే ఒళ్లో పళ్లెం పెట్టుకుని దానిమీద రాస్తున్నాను. టేబుల్ మీద చోటు లేదు.


ఆల్డ్‌రిడ్జ్
జనవరి 23

అత్తకు,

చిన్న లీగంటే చిన్నపిల్లలు కాదు. ఇక్కడ చాలామంది నాకన్నా పెద్దవాళ్లే. నా గదిలో ఉండే ఓరెన్‌కి ముప్ఫై ఒకటి, ఇద్దరు పిల్లలు. నేను ఎవరి మీదా పడలేదు. నిన్న నా మీద పడింది అతనే.

తప్పేమీ చేయలేదు. మొదటి ఆటలో తొమ్మిది రీబౌండ్లు పట్టాను, అంటే బుట్టలో పడక తిరిగొచ్చిన బంతులు. స్కోరు సమానంగా ఉంది, రెండు నిమిషాల ఆట మిగిలుంది, అప్పుడు రమోనా చెయ్యెత్తింది. నా పద్దెనిమిదీ అయిపోయాయట. కోచ్ పెల్‌ఫ్రీ నన్ను కూర్చోబెట్టాడు. ఒక్క పాయింటుతో ఓడాం. జనమంతా లేచి రమోనాని తిట్టారు. ఆవిడ గడియారం మీంచి తల కూడా ఎత్తకుండా "అరవండి అరవండి, మీ మోకాళ్లు కావుగా" అంది.

ఆగస్టు సంగతులు ఇప్పుడెందుకో నాకు అర్థం కాలేదు కానీ అడిగావు కాబట్టి రాస్తున్నాను. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు. మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని, మోకాలిని పరుపుకేసి నొక్కి, పది లెక్కపెట్టి వదలాలి. రోజుకు మూడు పూటలు. నొప్పిగా ఉందని ఒక పూట మానేస్తే మర్నాడు రెండింతలు నొప్పి. మొదటి వారం తొంభై డిగ్రీలు కూడా వంగలేదు. ఆరోవారానికి నూట పది. ఇప్పుడు నూట ముప్ఫై అయిదు.

ఏడ్చాను అత్తా. పదో రోజు, మెట్ల మీద కూర్చుని. నొప్పికి కాదు. ఇక నా బతుకింతే అనిపించి. ఈ మాట ఇంకెవరికీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

నీ రోస్కో

తా.క.: నువ్వు పంపిన యాపిల్ జామ్ సీసా ఓరెన్ చెంచాతో ఖాళీ చేశాడు. అందుకే కాబోలు నా మీద పడ్డప్పుడు అంత బరువుగా అనిపించాడు.


మోస్ హాలో
ఫిబ్రవరి 2

చిరంజీవి రోస్కోకు,

ఉత్తరం అందింది. గోడకు అంటించుకున్నాను.

ఆ పద్దెనిమిది నిమిషాల వ్యవహారం నాకు నచ్చలేదు. నేను కౌంటర్లో పద్దెనిమిది నిమిషాలు నిలబడి, ఇక రేపు రండని ఇంటికి పోతే ఊరుకుంటారా? పని చేయగలవాణ్ణి పని చేయనివ్వకపోవడం శిక్ష కాక మరేమిటి? మీ కోచ్‌కి ఉత్తరం రాశాను. మర్యాదగానే రాశాను. రెండో పేజీ దాకా.

ఆరోవారానికి నూట పదా? పరవాలేదు గానీ అంత గొప్పేమీ కాదు. మనసు పెడితే ఇంకా వంగుతుంది.

అత్త

తా.క.: ఆ తువ్వాలు చుట్ట ఎంత లావుండాలి?

తా.క. 2: ఊరికే అడిగాను.


ఆల్డ్‌రిడ్జ్
ఫిబ్రవరి 21

అత్తకు,

తువ్వాలు చుట్ట మోచేయంత లావుండాలి. మోచేయంటే నీది, నాది కాదు.

ఇక అసలు సంగతి. ఇది కోపంతో రాస్తున్న ఉత్తరం.

మూడు రోజుల కిందట పెద్ద జట్టు ఆఫీసునుంచి ఇంగ్రిడ్ సోల్‌బర్గ్ అని ఒకావిడ విమానంలో వచ్చింది. పేపర్లవాళ్లతో వ్యవహారమంతా ఆవిడే చూస్తుంది. చేతిలో మన ఊరి వారపత్రిక! "ఊరి కబుర్లు" కింద ఇలా ఉంది: "హార్గిస్ మోకాలు నూట పదిహేను డిగ్రీలు. మార్చి మొదటి వారంలో మళ్లీ రంగంలోకి. ఊరంతా ఎదురుచూస్తోంది."

ఎవరో అభిమాని దాన్ని ఫోటో తీసి నెట్‌లో పెట్టాడట. లక్షమంది చూశారు. ఆటగాళ్ల ఒంటి సంగతులు బయటికి పొక్కకూడదు, ఆ మేరకు నేను సంతకం కూడా పెట్టాను. ఇంగ్రిడ్, ఆ పత్రిక నడిపే క్రాబ్‌ట్రీకి ఫోన్ చేస్తే ఆయన ఏమన్నాడో తెలుసా? "చర్చి హాల్లో నా కళ్లతో చూసి, బడిపిల్లల కోణమానిని పెట్టి కొలిచి మరీ రాశాను, అక్షరం వెనక్కి తీసుకోను" అన్నాడట. నేను మన చర్చి హాల్లోకి అడుగుపెట్టి ఏడాదిన్నర అయింది!

అప్పటినుంచీ నా మోకాలు కొలవని మనిషి లేడు. రమోనా కొలిచింది. ఇక్కడి డాక్టరు కొలిచాడు. పెద్ద జట్టు డాక్టరు వచ్చి కొలిచాడు. చివరికి ఇంగ్రిడ్ కూడా కొలిచింది, ఆవిడకి కోణమానిని పట్టుకోవడం కూడా రాదు. ఎవరు కొలిచినా నూట ముప్ఫై అయిదే. "మరి పేపర్లో నూట పదిహేనని ఉందే?" అంటారు. రమోనా లెక్కలు పెంచి రాస్తోందని అనుమానం. పాపం ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది.

క్రాబ్‌ట్రీకి చెప్పింది నువ్వే కదూ? పైగా నేను రాసింది నూట పది. ఆ అయిదు ఎందుకు కలిపావు?

రోస్కో

తా.క.: కోచ్ నీ ఉత్తరం జట్టందరి ముందూ చదివాడు. రెండో పేజీ దగ్గర ఆగి, "ఈవిడ ఖాళీగా ఉంటే డిఫెన్సుకు పనికొస్తుంది" అన్నాడు.


మోస్ హాలో
ఫిబ్రవరి 25

చిరంజీవి రోస్కోకు,

నీ మోకాలి గురించి క్రాబ్‌ట్రీతో నేను ఒక్క ముక్క అనలేదు. మీ నాన్న మీద ఒట్టు. ఇంతకు మించి మార్చి మూడో తేదీ దాకా నన్నేమీ అడక్కు.

అత్త

తా.క.: ఆ అయిదు ఎవరూ కలిపింది కాదు. కష్టపడితే వచ్చింది.


ఆల్డ్‌రిడ్జ్
మార్చి 1

అత్తకు,

ఈ వారం పత్రిక కూడా వచ్చింది. "మెట్ల మీద హార్గిస్ కన్నీళ్లు. చేతికర్ర ఇంకా వదల్లేదు. అయినా పట్టు వదిలే మనిషి కాదు."

నిన్న పక్క రాష్ట్రంలో ఆట. నేను కోర్టులోకి అడుగుపెట్టగానే ఒక వైపు జనమంతా చేతికర్రలు పైకెత్తారు. చేతిరుమాళ్లతో కళ్లు తుడుచుకున్నారు. ఒక ముసలాయనది మాత్రం నిజం కర్రే, ఊపి ఊపి కింద పడబోతే నేనే పట్టుకున్నాను. పద్దెనిమిది నిమిషాల్లో ఇరవై ఒక్క పాయింట్లు, పద్నాలుగు రీబౌండ్లు. ఓరెన్ నన్ను ఎత్తుకోవాలని చూశాడు, నడుము పట్టేసింది.

ఇంత ఆడినా, శుక్రవారం రావాల్సిన పిలుపు ఆగిపోయింది. ఇంగ్రిడ్ ఫోన్ చేసి, "నువ్వు మెట్ల మీద ఏడుస్తున్న సంగతి మాకెందుకు చెప్పలేదు?" అంది. ఒక మానసిక వైద్యుడితో గంటసేపు మాట్లాడించారు. ఆయన మెట్లంటే ఏం గుర్తొస్తుందని అడిగాడు. మెట్లే గుర్తొస్తాయన్నాను.

పిలుపు ఆగిందని కాదు నా బాధ. ఏడ్చిన సంగతి నీకొక్కదానికే రాశాను. అది పేపర్లో చదవడం ఆపరేషన్ కన్నా ఎక్కువ నొప్పిగా ఉంది.

నీ నియమం పక్కనపెట్టి ఇంటికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. పోస్టాఫీసుకు చేస్తే నీ పక్క కౌంటర్ డ్వేన్ ఎత్తి "ఆవిడ సెలవులో ఉంది" అని, అమ్మో అని పెట్టేశాడు. నువ్వు సెలవు పెట్టింది నా ఎరుకలో ఒక్కరోజే, నాన్న అంత్యక్రియలకి. ఏం జరుగుతోంది అత్తా? నిజం రాసేటట్టయితేనే ఉత్తరం రాయి.

రోస్కో


మోస్ హాలో
మార్చి 7

చిరంజీవి రోస్కోకు,

ఆ మోకాలు నాది.

కూర్చుని చదువు. నా ఎడమ మోకీలు అరిగిపోయి రెండేళ్లయింది. కౌంటర్ దగ్గర పొద్దుటినుంచీ నిలబడలేక కాలి కింద డబ్బా ఒకటి పెట్టుకుని నెట్టుకొచ్చాను. జనవరి పన్నెండున ఆపరేషన్ చేసి కొత్త మోకీలు పెట్టారు. ఆసుపత్రికి సంచి సర్దుకుంటుంటేనే నీ మొదటి ఉత్తరం వచ్చింది. ఈ ఎనిమిది వారాలూ ఇంకేమీ ఆలోచించనన్నావు. నేను చెబితే ఆ సాయంత్రానికే బస్సెక్కేవాడివి. నువ్వు ఒక్కరోజు కూడా ఆగవని తెలుసు కాబట్టి ఊరందరి చేతా ఒట్టు వేయించుకున్నాను.

క్రాబ్‌ట్రీకి మరీ గట్టిగా చెప్పాను, నా పేరు రాశావో చూడు అని. ఆయన మాట తప్పలేదు. పేరు రాయలేదు, ఇంటిపేరు రాశాడు. ఈ ఊళ్లో హార్గిస్ అంటే నేనే కదా, ఇంకో హార్గిస్ ఎక్కడో బంతాట ఆడుతున్నాడని ఆయనకి తట్టలేదు. చర్చి హాల్లో వ్యాయామం చేయిస్తుంటే కోణమానిని పట్టుకొచ్చి కొలిచింది నా మోకాలే.

నాకు వ్యాయామం చేయించే పిల్లకి ఇరవై నాలుగేళ్లు. "వంచండమ్మా" అంటే నీకేం తెలుసు నొప్పి అని కసిరేదాన్ని. నీ ఉత్తరం మాత్రం మెట్ల పక్క గోడకు అంటించుకుని, దానిలో ఉన్నది ఉన్నట్టు చేశాను. మంచి కాలు పైకి, చెడ్డ కాలు కిందికి అని నీ గొంతుతో చదువుకుంటూ.

ఆ కన్నీళ్లూ నావే. పోస్టాఫీసు ముందున్న మూడు మెట్ల మీద, అందరూ చూస్తుండగా. నువ్వు రాసింది నా నోటినుంచి బయటికి రాలేదు. నువ్వూ ఏడ్చావని చదివి ఉండబట్టే నేను సిగ్గుపడకుండా ఏడ్చి, లేచి, మూడో మెట్టు ఎక్కాను. నీకు అబద్ధం ఆడలేదు గానీ నిజం దాచాను. దానివల్ల నీ నోటికాడ కూడు పోయేదని తెలిశాక నాకు తిండి సయించలేదు.

నాలుగో తేదీన నీ ఉత్తరం అందగానే ఇంగ్రిడ్‌కి ఎక్స్‌ప్రెస్‌లో కవరు పంపాను. డాక్టరు చీటీ, పత్రిక రెండు సంచికలు, కుట్లతో సహా నా మోకాలి ఫోటో, ఫోటోలో నా మొహం కూడా. నిన్న ఫోన్ చేసింది. నేను అంతా చెప్పాను. తర్వాత ఎవరెవరినో గదిలోకి పిలిచి, అందరికీ వినబడేలా పెట్టి, మళ్లీ మొదటినుంచీ చెప్పమంది. రమోనా లెక్కలు సరైనవేనని ఆవిడకి రాసి పంపమన్నాను. పంపుతానంది.

మొన్న మూడో తేదీన మళ్లీ కౌంటర్లోకి వెళ్లాను. రోజుకు రెండు గంటలే నిలబడాలట. డ్వేన్ గడియారం చూసి, నా ముందు ఆరుగురు వరుసలో ఉండగానే కుర్చీ తెచ్చి కూర్చోబెట్టాడు. వాణ్ణి ఏమేమన్నానో ఇక్కడ రాయలేను. ఇంటికొచ్చి మీ కోచ్‌కి క్షమాపణ ఉత్తరం రాశాను. ఇది ఒక్క పేజీయే.

నామీద కోపం ఉంటే ఉండనీ. అది నాకు రావాల్సిందే.

నీ అత్త,
వర్డెల్ హార్గిస్

తా.క.: ఇంగ్రిడ్ ఇంకో మాట కూడా చెప్పింది. మంగళవారం నిన్ను పెద్ద జట్టుకు పిలుస్తున్నారు. కోచ్ చెప్పేదాకా నీకు చెప్పనని నా చేత మాట తీసుకుంది. కానీ నీ దగ్గర ఇంకేమీ దాచదలచుకోలేదు. ఆయన చెప్పినప్పుడు కాస్త నోరు తెరిచి ఆశ్చర్యపో. నీకు నటన రాదు, ముందు అద్దంలో రెండుసార్లు చూసుకో.