వడగట్టిన సముద్రం

హన్మకొండ, 12 ఆగస్టు 1983, శుక్రవారం

పొద్దున మా ల్యాబ్ అటెండర్ కొమురయ్య రైల్వే స్టేషన్ నుంచి బాపట్ల పార్సిల్ తెచ్చాడు. సీసా ఎత్తి చూసి, "మేడం, ఈసారి సముద్రం నీళ్లు మస్తు తేటగున్నయ్," అన్నాడు. సంతోషించాను, పిచ్చిదాన్ని.

మైక్రోస్కోప్ కింద దాదాపు ఏమీ లేదు. తొమ్మిదేళ్లుగా నెలనెలా లెక్కపెడుతున్న సూక్ష్మజీవులు ఏమైపోయాయి? సముద్రానికేదో అయిందని మరో చుక్క వేసి చూశాను. అప్పుడు సీసాకు చుట్టిన గడ్డిలో చీటీ కనబడింది. ప్రతినెలా ఒకే చోట పైనీళ్లు ముంచి పంపే జాలరి పోలయ్య ఇంటి నుంచి, ఎవరిచేతో రాయించింది.

"అమ్మగారూ, మా ఆయన పోయిన నెల జొరమొచ్చి కాలం చేశారండి. ఈ పని మాత్రం మానొద్దన్నారు. నీళ్లలో నలకలున్నాయి, మీకలా పంపితే బాగోదని పాత చీరతో రెండుసార్లు వడగట్టాను. ఇట్లు, పోలయ్య భార్య."

రిజిస్టర్‌లో ఆగస్టు గడి ఖాళీగా వదిలేశాను. పోలయ్యను నేనెప్పుడూ చూడలేదు. అయినా నెల తిరిగేసరికి నన్ను గుర్తుపెట్టుకునే మనిషి ఆయనొక్కడే.

ఇక వడగట్టొద్దని ఆమెకు ఉత్తరం రాయాలి. రెండు కాగితాలు చింపేశాను. మూడోదాని మీద "అమ్మా" అని రాసి ఆగిపోయాను. ఆమె పేరు కూడా నాకు తెలియదు.