నూకాలమ్మ దీవెనకు ఫాంటు

మే 29, 2025

పొద్దున్నే నా బోర్డులు, స్టిక్కర్ల షాపు షట్టర్ తీశానో లేదో, నూకరత్నం గారని హార్బర్ దగ్గర చేపలమ్మే ఆవిడ ఆటోలో ఒక పాత చెక్క వేసుకుని దిగింది. కొడుకు సురేష్‌బాబు బోటుకు ముందువైపు చెక్కలు పుచ్చిపోతే మార్చారట. పేరు మళ్లీ వేయాలి. 'నూకాలమ్మ దీవెన'. జూన్ పద్నాలుగుతో వేట నిషేధం అయిపోతుంది, ఈలోపే కావాలి, అక్షరాలు అచ్చం ఇలాగే ఉండాలి అంది.

చెక్క మీద ఉన్నది అక్షరాల పై సగమే. కింది సగం ఉన్న చెక్క ఏదండీ అంటే, పొయ్యిలో పెట్టేశామమ్మా అంది. ఎంత మామూలుగా చెప్పిందో!

మే 31

నా సిస్టంలో డెబ్బై తెలుగు ఫాంట్లున్నాయి. దగ్గరగా ఉన్నవి ఇరవై ప్రింట్ తీసి ఆవిడ ముందు పరిచాను. ఇది మాది కాదు, ఇదీ మాది కాదు అంటూ ఒక్కొక్కటే పక్కకు తోసేసింది. అన్నింట్లోనూ మీ బోటు పేరే ఉంది కదండీ, తేడా ఏంటండీ అన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ పాత అక్షరాలు రాసింది పెయింటర్ అబ్రహాము గారు. ఆయన పోయి రెండేళ్లయింది. ఇంక ఎవర్ని అడగను?

జూన్ 1

మా ఆయన డేనియల్ అయితే, ఏదో ఒకటి కట్ చేసి అంటించెయ్, సముద్రంలో ఎవడు చూస్తాడు అన్నాడు. నిజమే కదా. కానీ ఆవిడ మళ్లీ వస్తుంది. తప్పకుండా వస్తుంది.

జూన్ 3, మధ్యాహ్నం

వచ్చింది. ఇంకో ఎనిమిది ఫాంట్లు చూపించాను. తల అడ్డంగా ఊపింది. విసుగొచ్చి, మీరే గీసి చూపించండి అనేశాను. నోరు జారాను, నిజానికి వెటకారంగానే అన్నాను.

ఆవిడ గ్లాసు నీళ్లలో వేలు ముంచి, నా గాజు బల్ల మీద ఆ కింది సగం గీసేసింది. గబగబా, ఎక్కడా ఆగకుండా. 'మ' కింద వత్తు పడవ అడుగులా గుండ్రంగా, 'క' చివర పైకి లేచి. ఆరిపోతుందేమోనని ఫోన్ తీసి టకటకా ఫోటోలు కొట్టాను. ఇంత బాగా రాస్తారా మీరు అంటే నవ్వింది. రాయడమా, నాకు అక్షరం ముక్క రాదమ్మా అంది.

అప్పుడు చెప్పింది. పదకొండేళ్ల కిందట తుఫానులో అన్ని బోట్లూ వచ్చాయట, వాళ్లాయన పల్లంరాజు గారిది రాలేదట. అప్పట్నుంచీ కొడుకు బోటు వచ్చే రోజు గట్టు మీద నిలబడుద్ది. చదవడం నాకెందుకమ్మాయీ, దూరాన్నించి చూడగానే మా బోటు అని తెలిస్తే చాలు, అప్పుడు గానీ నాకు ముద్ద దిగదు అంది.

నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

జూన్ 9

పై సగం చెక్క నుంచి, కింది సగం ఆవిడ వేలి నుంచి. రెండూ అతికాయి! ఎలా అతికాయో నాకే అర్థం కావట్లేదు. చెయ్యి ఆగక మిగతా అక్షరాలు కూడా అదే వాటంలో గీసేశాను. ఇప్పుడది పూర్తి ఫాంటు. ఎందుకు చేశానో తెలీదు, సరదా పుట్టింది అంతే.

జూన్ 12

స్టెన్సిల్ పెట్టి పసుపు ఎనామిల్ వేశాం. నూకరత్నం గారు గట్టు ఆ చివరికి వెళ్లి నిలబడి చూసింది. అదిగో మా బోటు అని అక్కణ్నుంచే కేకేసింది. నాకు ఏడుపొచ్చింది.

జూన్ 15

బోట్లన్నీ వెళ్లిపోయాయి.

జూన్ 26

అందరికంటే ముందు వాళ్ల బోటే తిరిగొచ్చింది. నిండా రొయ్య. హార్బరంతా అదే మాట.

జూన్ 28

షాపులో నలుగురు బోటు ఓనర్లు, ముందు నిలబడింది వెంకటరాజు గారు. ఆ అక్షరాలు కలిసొచ్చాయంట, మాకూ అవే వెయ్యండి, రంగు కూడా అదే అన్నారు. నూకాలమ్మ తల్లి, నూకాలమ్మ ప్రసాదం, నూకాలమ్మ కృప, నూకాలమ్మ అండ. అందరూ అమ్మవారి పేరే పెట్టుకుంటారు ఇక్కడ. టైప్ చేయడం, కట్ కొట్టడం. నా ఫాంటు కోసం మనుషులు లైన్లో నిలబడ్డారు! గాల్లో తేలిపోయాను.

జూలై 11

నా అక్షరాలు వరసగా వస్తుంటే చూద్దామని హార్బర్‌కు వెళ్లాను. నూకరత్నం గారు క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది. దూరంగా పసుపు అక్షరాలు కనబడగానే, అదిగో వచ్చేశాడు అని పరుగెత్తింది. అది వెంకటరాజు గారి బోటు. వెనక్కొచ్చింది. గంటకు మళ్లీ పరుగెత్తింది. అది ప్రసాదం. మూడోసారి నాలుగడుగులు వేసి ఆగిపోయి, నావైపు తిరిగి, అందరికీ ఇచ్చేశావా అమ్మాయీ అంది.

తిట్టలేదు. తిడితే బాగుండేది.

వాళ్ల బోటు రాలేదు. ఇంజన్ ట్రబులని ఒకరు, వైర్‌లెస్‌లో పలికాడని ఒకరు. ఏది నమ్మాలో తెలీట్లేదు. నేను చేసింది తప్పా? గీసింది నేనే కదా. కానీ సగం ఆవిడది. కాదు, అబ్రహాము గారిది. ఏమో, బుర్ర పనిచేయట్లేదు.

జూలై 12

ఇంకా రాలేదు. వెంకటరాజు గారి దగ్గరకెళ్లి, ఫ్రీగా మార్చి వేస్తానండీ, ఇంకా మంచి ఫాంటు వేస్తాను అన్నాను. కలిసొచ్చిన అక్షరం మీద చెయ్యి వెయ్యనివ్వనమ్మా అన్నారు. మిగతా ముగ్గురిదీ అదే మాట. షాపుకొచ్చి ఫాంటు ఫైల్ డిలీట్ కొట్టాను. బోట్ల మీద పెయింటుకు డిలీట్ ఎక్కడుంటుంది?

జూలై 13, ఉదయం 7.20

బోటు వచ్చింది. గట్టు మీద కూలబడి ఉన్న నూకరత్నం గారికి నేనే చదివి చెప్పాను. దీవెన అండీ, మీదేనండీ, లేవండి అన్నాను. అదీ కాదులే అమ్మాయీ అంది, అటు చూడకుండానే. సురేష్‌బాబు దిగొచ్చి భుజం పట్టుకునేదాకా ఆవిడ లేవలేదు.