నీలం పట్టీ కింద

2025 ఫిబ్రవరి 16, సాయంత్రం

రాయపోల్ నుంచి ఇప్పుడే వచ్చాం. మా శ్రీవాణి అక్క కూతురు రిషిత పుట్టువెంట్రుకలు అయ్యాయి. మేనమామను కాబట్టి పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర నేనే వేశాను. నా కొత్త చొక్కా తడిపేసింది.

ఫోటోలు మాత్రం ఖరాబు. అక్క అత్తగారింటి ముందు ఆ టెంటు వేసినవాణ్ణి ఏమనాలి? ఎర్ర పట్టీ, నీలం పట్టీ, మళ్లీ ఎర్ర పట్టీ. మిట్టమధ్యాహ్నం ఎండ ఆ బట్టలోంచి దిగి అందరి మీదా పడింది. బాపు ఎర్రగా, అమ్మ సగం ఎరుపు సగం నీలం. రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో పెడితే కెమెరాకే పిచ్చెక్కింది. రంగుల దుకాణంలో పెరిగినవాణ్ణి, సిద్దిపేటలో ఎవరు ఏ షేడ్ అడిగినా కలిపి ఇస్తాను. మనిషి ముఖం మీద పడ్డ రంగును విడదీయడం నాకు చేతకాలేదు.

శ్రీవాణి అక్కను గోడ నీడకు రమ్మన్నాను. అక్కడ వెలుగు మెత్తగా ఉంది. రాలేదు. పిల్లను ఎత్తుకుని నీలం పట్టీ కిందే నిలబడి, గీడనే తియ్యి తమ్మీ అంది. గజేందర్ బావ కూడా, గీడ మంచిగనే ఉన్నది కదా బామ్మర్ది, తియ్యరాదు అన్నాడు. తీశాను. ఒళ్లు మండింది. లైటింగ్ సంగతి నాకు తెలుసా, వాళ్లకు తెలుసా?

ఫిబ్రవరి 18

అక్క, రిషిత చెంపకు చెంప ఆనించి నవ్వుతున్న ఫోటో ఒక్కటే పనికొచ్చేలా ఉంది. ల్యాప్‌టాప్‌లో నీలం మొత్తం తగ్గించాక కూడా అక్క ఎడమ కంటి కింద ఒక ముద్ద మిగిలింది. మొండి ముద్ద. బట్ట అక్కడ మడత పడి ఉంటుంది. బ్రష్ తీసుకుని ఆ ఒక్కచోట చర్మం రంగు తెచ్చాను. జూమ్ చేసినా తెలియదు.

ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. టెంటు రంగు అక్క ముఖం మీద మచ్చలాగ పడింది, తీసేశాను అని కింద రాశాను. అందరికన్నా ముందు బావ స్పందించాడు. సూపర్ బామ్మర్ది అన్నాడు. అక్క చూసింది, ఏమీ పెట్టలేదు.

ఫిబ్రవరి 25

ఆ ఫోటోకు పెద్ద ఫ్రేమ్ కట్టించి రాయపోల్ పంపాను.

మార్చి 9

అక్క వచ్చింది. పిల్లను చంకనేసుకుని, బస్సులో, బట్టల సంచి కూడా లేకుండా. అమ్మ నన్ను బయటికి పంపి అక్క వీపు చూసింది. తలుపు బయటికి అమ్మ ఏడుపు వినపడింది. అక్కది వినపడలేదు.

తర్వాత అక్కే నా దగ్గరికి వచ్చి కూర్చుంది. పెండ్లయిన ఏడాది నుంచి ఉన్నదే తమ్మీ అంది. పుట్టువెంట్రుకలకు నాలుగు రోజుల ముందు మీ బావ కంటి కింద గుద్దిండు, టెంటు రంగుల కలిసిపోతదని నీలం కింద నిలబడ్డ అంది. నువ్వు గుర్తుపడ్తవేమోనని భయపడ్డ, గుర్తుపడితే బాగుండని గూడ అనుకున్న అంది.

నేను ఆమె ముఖం వైపు చూడలేకపోయాను.

మార్చి 10

ఒరిజినల్ ఫైల్ తెరిచాను. పిల్ల చెంప, అక్క చెంప ఆనుకునే ఉన్నాయి. పిల్ల చెంప మీద నీలం అంతటా ఒకే తీరుగా ఉంది. అక్క చెంప మీద మాత్రం ముద్ద, దాని అంచుల్లో పసుపు రంగు. నీలం బట్ట కింద పసుపు ఎక్కడి నుంచి వస్తుంది, కమిలి మానుతున్న దెబ్బకు తప్ప? రంగులు అమ్ముకునేవాణ్ణి, ఈ మాట ఆ రోజే అనుకోవాల్సింది. నా మీద నాకు అసహ్యం వేస్తోంది.

మార్చి 23

మా ఇంట్లోనే పంచాయితీ. పెద్దమనుషుల మధ్యలో రాజేంద్రప్రసాద్ సార్ కూర్చున్నాడు, ఈ సంబంధం కుదిర్చింది ఆయనే. అక్క మళ్లీ అక్కడికి పోనంటోంది. అది తేల్చడానికే అందరూ వచ్చారు.

బావ నా ఫ్రేమ్ తువ్వాలలో చుట్టుకుని తెచ్చాడు. గోడకు ఆనించి పెట్టి, కొట్టినోని పెండ్లాం గిట్ల నవ్వుతదా సార్ అని అడిగాడు. వీపు మీది దెబ్బల గురించి అమ్మ చెబితే, బాత్రూంల జారింది అన్నాడు. వీపు పదిమందిలో విప్పి చూపించేది కాదు కదా.

నేను ల్యాప్‌టాప్ తెరిచి ఒరిజినల్ చూపించాను. పిల్ల చెంప చూడండి, అక్క చెంప చూడండి, అంచుల్లో పసుపు చూడండి అన్నాను. బావ తొందరపడలేదు. ఫోన్ తీసి గ్రూపులో నేను రాసింది సార్‌కు ఇచ్చాడు. సార్ పైకి చదివాడు. టెంటు రంగని రాసింది నువ్వే, ఇయ్యాల దెబ్బ అంటున్నది నువ్వే, ఏది నమ్మాలె బిడ్డా అన్నాడు. ఎవరో నవ్వారు.

పోలీస్ స్టేషన్‌కు పోదామన్నాను. బాపు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఒక్కసారి పోయి చూడు బిడ్డా, మళ్ల చెయ్యి లేస్తే నేనే వచ్చి తోలుకొస్త అని అక్కతో అన్నాడు. అక్క పిల్ల గుండు నిమిరి, సరే పోత అంది.

మార్చి 24

బావ పది గంటలకు వస్తానన్నాడు. అంతలోపే అక్కకు ఫోటో తీయడం నేర్పాను. ఆమె జాకెట్ చేతి కింద ఇంకా కొంచెం వాపు, మచ్చ ఉన్నాయి. ఫ్లాష్‌తో తీయించాను, మచ్చ తెల్లబడి మాయమైంది. ఫ్లాష్ ఆపి కిటికీ పక్కన, వెలుగు పక్క నుంచి పడేలా నిలబెట్టాను. వాపు అంచు కూడా నీడ పడి తెలిసింది. నీ మీద బావ చెయ్యి పడ్డ రోజు ఇట్లా తీసి పంపు, మాటలేవీ రాయకు, ఫోటో చాలు అన్నాను.

ఇంత సదువు నాకెందుకురా అని నవ్వింది. ఆ నవ్వు ఫ్రేమ్‌లో ఉన్నదే. నాకు భయమేసింది.

ఏప్రిల్ 2

ఏమీ రాలేదు. రాకపోవడమే మంచిది.

ఏప్రిల్ 11, పొద్దున

ఫోటో వచ్చింది.

ఫ్లాష్ లేదు. కిటికీ పక్కన నిలబడింది. వెలుగు పక్క నుంచి పడింది. దెబ్బ స్పష్టంగా ఉంది, నేను చెప్పినట్టే తీసింది. సరిచేయాల్సింది ఏమీ లేదు.

వెనక గోడకు నా ఫ్రేమ్ ఉంది.

బాపుకు చూపించాను. చెప్పులు వేసుకుంటున్నాడు. బండి తీస్తున్నాను.