చీల్చకూడని మిరపకాయ

ఏవండీ,

పక్కింటి చంద్రిక కార్‌లో గుడికి వెళ్తున్నాను. పొయ్యి మీద రాజ్మా కూర ఉంది, సన్న మంట మీద వేడి చేసుకుని అన్నంలో కలుపుకోండి. కోడలు సిమోన్ వండింది. జమైకాలో వాళ్ల అమ్మమ్మ మాంసంతో చేసేదట. మన కోసం అది మానేసి కొబ్బరిపాలతోనే ఉడికించింది.

పైన తేలే మిరపకాయని గరిటెతో పొడవకండి. అలవాటు కొద్దీ నేను చీల్చబోతే, "అత్తయ్యా, కట్ చేయొద్దు" అని చెయ్యి పట్టుకుంది. అది చీలితే కూరంతా నోట్లో పెట్టలేనంత కారమైపోతుందట. తాలింపు లేదు, నెయ్యి లేదు. నాలిక మండలేదు, మిరపకాయ కమ్మదనం మాత్రం కూరంతా పట్టింది. ఇన్నేళ్లు వంట చేసినా నాకిది తెలియదు. రుచి చూసి ఇంకో గరిటె వేసుకున్నాను.

ఉమ

తా.క. మీరు ఆవకాయ అడుగుతారేమోనని పొద్దున్నుంచి ఆ పిల్లకి ఒకటే బెంగ. సీసా నేనే దాచేశాను.