ఎనిమిది నిమిషాలు

ప్రియమైన అమ్మకు,

నేను పొగరెక్కి ఫోను ఎత్తడం లేదని పిన్నితో అన్నావట. పొగరు కాదమ్మా. ఏమీ అనిపించడం లేదు, అంతే. ఉద్యోగం వచ్చిన రోజు ఆనందంతో ఏడ్చానని అందరికీ చెప్పావు; ఆ రోజు నాకు జలుబు. ఇంకో మాట, నేను విమానాలు నడపను. పక్కింటివాళ్ళకి సరిగ్గా చెప్పు.

నేను కన్సల్టెంటుని. విమానం దిగి మళ్ళీ ఎగిరేలోపు ఎవరి పనికి ఎన్ని నిమిషాలు పడుతోందో కొలుస్తాను. మడతలు ఇంకా పోని నారింజ రంగు కోటు వేసుకుని, స్టాప్‌వాచ్ పట్టుకుని తలుపు దగ్గర నిలబడతాను. ఈ వారం క్యాబిన్ శుభ్రం చేసేవాళ్ళని కొలిచాను. నువ్వు అక్కడ చేసే పనే. ఆరుగురు ఆడవాళ్ళు, ఎనిమిది నిమిషాలు. సీటు వెనక జేబుల్లో చూడకుండానే చెయ్యి పెట్టి చెత్త లాగేస్తారు. నువ్వేమో పన్నెండు పడుతుందంటావు.

నీ కూతురు


బంగారు తల్లికి,

జలుబు సంగతి నాకు తెలియదా? ఆవిరి పట్టించింది నేనే. అయినా ఏడ్చావనే చెప్పుకుంటాను, నా ఇష్టం.

చూడకుండా చెయ్యి పెట్టారా? పిచ్చిదానా, నిన్ను చూసి హడలిపోయి ఉంటారు. కోటూ గడియారమూ కనిపిస్తే తనిఖీకి వచ్చారనుకుంటాం. మేమూ అలాగే పరిగెడతాం. కొత్తపిల్లలకి నేను మొదట నేర్పేది ఒకటే: జేబు మూతి రెండు వేళ్ళతో తెరువు, లోపలికి చూడు, అప్పుడు చెయ్యి పెట్టు. ఆ కోటు విప్పేసి, ఓ మూల కూర్చుని మళ్ళీ కొలువు.

అమ్మ


ప్రియమైన అమ్మకు,

నీ మాట మేనేజరుకి చెప్పాను. "ఎనిమిదిలో చేశారా, లేదా?" అన్నాడు. చేశారన్నాను. "అయితే ఎనిమిదే." ఎనిమిదే రాసిచ్చాను. నివేదిక వెళ్ళిపోయింది. మా చేత కొలిపించిన ఎయిర్‌లైన్ వాళ్ళు బాగుందన్నారు. ఆ ఎయిర్‌లైన్ విమానాలన్నింటికీ, అన్ని ఊళ్ళలోనూ, ఒకటో తారీకు నుంచి ఎనిమిది నిమిషాలే. మీరు తుడిచేవీ వాళ్ళవే. ముందే తెలియాలని రాస్తున్నాను.

హోటల్ గది కిటికీ తెరుచుకోదు. పనయ్యాక దాని పక్కనే కూర్చుంటాను. వేళకి తింటున్నాను.

నీ కూతురు


బంగారు తల్లికి,

రాత మారిందని గాభరాపడకు. అక్షరాలు పిన్నివి, మాటలు నావి. సీటు జేబులో ఎవరో బ్లేడు వదిలేశారు. కుడిచేతి రెండు వేళ్ళు తెగాయి, కుట్లు వేశారు. ఏడో నిమిషం నడుస్తోంది, ఇంకా నాలుగు వరసలున్నాయి. కొత్తపిల్లలా చూడకుండా చెయ్యి పెట్టేశాను.

తోటివాళ్ళు నిన్ను 'నిమిషాలమ్మ' అని, నన్ను 'నిమిషాలమ్మ తల్లి' అని అంటున్నారు. నవ్వుతూనే అంటారులే. ఆ లెక్క నా కూతురే కట్టిందని గొప్పలు పోయింది నేనే కదా. నీ తప్పేం లేదు. నోరు అదుపులో పెట్టుకుని ఉద్యోగం నిలుపుకో.

అమ్మ

ఇది నా మాట, పిన్నిని. నరం తెగిందట. ఆ రెండు వేళ్ళూ ముడుచుకోవడం లేదు. గుండీలు కూడా నేనే పెడుతున్నాను. నీకు రాయొద్దంది.


ప్రియమైన అమ్మకు,

పిన్ని రాసింది రెండుసార్లు చదివాను. ఏడుపు రాలేదు. ఈసారి జలుబు కూడా లేదు.

ఆ ఆరుగురే ఇంకో కంపెనీ విమానాలూ తుడుస్తారు. అక్కడ ఎనిమిది నిమిషాల నిబంధన లేదు. కోటు విప్పేసి, చివరి వరసలో ప్రయాణికురాలిలా కూర్చుని ఐదు విమానాల్లో కొలిచాను. ఒక్కటీ పదకొండుకి తగ్గలేదు. ప్రతి జేబూ తెరిచి చూశాకే చెయ్యి పెట్టారు. ఒకావిడ నా కాళ్ళు పక్కకి జరపమంది. నన్ను గుర్తుపట్టలేదు.

ఎనిమిది తప్పని, కొలిచింది నేనేనని, వాళ్ళు నన్ను చూసే పరిగెత్తారని, నీ వేళ్ళ సంగతితో సహా ఎయిర్‌లైన్‌కి నేరుగా ఉత్తరం రాశాను. కింద నా పేరు పెట్టాను. రేపు పొద్దుటికల్లా దాన్ని వెనక్కి తీసుకోవాలట, లేకపోతే ఉద్యోగం ఉండదట. మేనేజరు నెమ్మదిగానే చెప్పాడు.

తీసుకోను.

నిమిషాలమ్మ